మందుల మాట: గడ్డకట్టిన ఇంజెక్షన్ వాడొచ్చా?

ప్రశ్న: మా పెద్దమ్మకు అండాశయ క్యాన్సర్. డాక్టరు రాసిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఇంజెక్షన్‌ను నెల్లూరు పొగతోటలో కొని, ఐస్‌ప్యాక్ పెట్టించుకుని బస్సులో కావలి తెచ్చాం. చల్లగా ఉండాలన్నారు కదా అని మా తమ్ముడు రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టేశాడు. పొద్దున గడ్డకట్టి ఉంది. బయట పెడితే కరిగి, మునుపటిలాగే ఎర్రగా ఉంది. వేల రూపాయల మందు, పారేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు. వాడొచ్చా మేడమ్?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: డాక్టరు సరేననేదాకా వద్దమ్మా. రంగు చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఆ ద్రవంలో కొవ్వు పొరతో చేసిన బుడగలుంటాయి, లైపోసోములంటే అవే. ఒక్కోటి వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. ఎరుపు లోపలున్న మందుది, కాబట్టి బుడగలు చిట్లినా వయల్ (మందు సీసా) ఎర్రగానే కనిపిస్తుంది.

మందు ఆ బుడగల లోపల సన్నటి స్ఫటికాలుగా బిగిసి ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు పొరను చీల్చవచ్చు, బుడగలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవీ కావచ్చు. బయటికొచ్చిన మందు మామూలు డాక్సోరుబిసినే. అది గుండెను దెబ్బతీస్తుందనే కదా, బుడగల్లో పెట్టి ఇంత ఖరీదు చేసింది! కొన్ని కంపెనీల సరుకు కొద్దికాలం గడ్డకట్టినా తట్టుకుంటుంది. మీ వయల్ ఆ రకమో కాదో ఇంట్లో తేల్చేది కాదు.

మీ తమ్ముణ్ణి తిట్టకండి. షాపుల్లోనే వయల్‌ను గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌కి ఆనించి, రబ్బరు బ్యాండు బిగించి ఇస్తుంటారు. పొగతోటలో ఫార్మసీ కౌంటర్ దగ్గర నిలబడినన్నాళ్లూ నేను పోట్లాడింది దీని గురించే. పెట్టెను మడతపెట్టిన న్యూస్‌పేపర్లో చుట్టాకే ఐస్‌ప్యాక్ పక్కన పెట్టాలి. దీనికి కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం. ఇంట్లో అయితే ఫ్రిజ్ మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా ఉంచండి. తలుపు అర వద్దు, తీసినప్పుడల్లా వేడిగాలి కొడుతుంది. మే నెల ఎండలో బండి డిక్కీలో అసలే వద్దు. వేడికి ఆ కొవ్వు పొర త్వరగా పాడవుతుంది, మందు మెల్లగా కారుతుంది.

ఈ వయల్‌ను పారేయకుండా పెట్టె, బిల్లుతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లి, రాత్రంతా గడ్డకట్టి ఉందని ఉన్నదున్నట్టు చెప్పండి. బ్యాచ్ నంబరు చూసి వాళ్లే కంపెనీని అడుగుతారు. తర్వాతి డోసు మాత్రం ఆస్పత్రి ఫార్మసీలోనే తెప్పించమనండి, మీకు ఈ మోత తప్పుతుంది.