మే నెల గాలిదుమారానికి ముందు ఇంటి ఆవరణలో ఏం చూసుకోవాలి?

హైదరాబాద్ సైనిక్‌పురిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నామని, ముందు మామిడి, మునగ, కారుకి రేకుల షెడ్డు ఉన్నాయని, ఈదురుగాలులు మొదలయ్యేలోపు ఏం చేయాలని అడిగారు. మాదీ వనస్థలిపురంలో అలాంటి ఇల్లే.

అందరూ చెట్లను చూసి భయపడతారు. నన్నడిగితే ముందు రేకులు చూడండి. తుపానైతే రెండు మూడు రోజుల ముందే కబురొస్తుంది. మనకి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలి అలా కాదు. మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రం మబ్బు కమ్ముతుంది, దుమ్ము లేచిందంటే ఇక ఆరేసిన బట్టలు తీసుకోవడానికే టైముంటుంది. పని ఏదైనా మార్చిలోనే అయిపోవాలి.

స్టూలేసుకుని ఎక్కి ఒక్కో రేకు అంచు పట్టుకుని ఊపండి. టకటకమంటే జె-హుక్కు, అంటే రేకుని కింది పైపుకి బిగించే కొక్కెం, వదులైనట్టే. నట్టు కింద ఉండే నల్ల వాషర్ ఎండకి బిగుసుకుపోయి పగిలి ఉంటుంది, రేకు చిల్లు వెడల్పవుతుంది. చాలామంది రేకుల మీద ఇటుకలు పేరుస్తారు. అది మహా ప్రమాదం. మా షెడ్డు బిగించిన వెల్డర్‌ని ఇటుకలు పెడితే చాలదా అని అడిగితే, "గాలి పైకెళ్లి కొట్టదు సార్, కిందికెళ్లి లేపుతది. రేకుతోని ఇటుక గూడ లేస్తది" అన్నాడు. మూడు వైపులా మూసి, ముందు తెరిచి ఉన్న షెడ్డైతే మరీ జాగ్రత్త. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. చివరి వరస రేకులకి హుక్కులు దగ్గర దగ్గరగా వేయించండి.

మునగ కొమ్మ పెళుసు, పెద్ద గాలక్కర్లేదు. కాపు అయిపోగానే నడుమెత్తుకి కొట్టేయండి, మళ్ళీ చిగురేస్తుంది. మామిడిని మాత్రం బోడిగుండు చేయకండి. ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీసేసి గాలి దూరేలా పలచన చేయిస్తే చాలు. మొదలు చుట్టూ సిమెంటు వేసి ఉంటే కొంత పగలగొట్టించండి. మన కాలనీల్లో కింద బండ ఉన్నచోట వేర్లు లోతుకి పోవు, పైన సిమెంటు కూడా ఉంటే వాటికిక చోటెక్కడ? రోడ్డు మీది తురాయి, కొండచింత కొమ్మలు మీ గోడ మీదికి వాలి ఉంటే మున్సిపల్ కార్పొరేషన్‌కి ఫిర్యాదివ్వండి. కరెంటు తీగలకి తగిలే కొమ్మ జోలికి మాత్రం మీరూ, మీ తోటమాలీ వెళ్లొద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించాకే కొట్టించాలి.

మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు మధ్యాహ్నానికే నింపేయండి. వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు, కదలదు. ఖాళీదైతే పైపులు తెంపుకుని దొర్లుతుంది. ఎలాగూ గాలి రాగానే కరెంటు పోతుంది, మోటారు తిరగదు. మూతకి బైండింగ్ వైరు చుట్టండి. గ్రీన్ నెట్ కట్టి ఉంటే ఒక వైపు ముడులు తేలిగ్గా ఊడేలా వేసుకోండి, మబ్బు పట్టగానే చుట్టేయొచ్చు. పిట్టగోడ మీది కుండీలైతే వేసవంతా నేల మీదే ఉండనివ్వండి.