యాక్సిడెంటుతో ఎంబీబీఎస్‌లో ఏడాది పోతే: ముందు ఏ గుమ్మం ఎక్కాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయికి 19 ఏళ్లు, తిరుపతిలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది. నాలుగున్నర నెలల కిందట కరకంబాడి రోడ్డులో స్కూటీ మీద వెళుతుంటే వెనకనుంచి కారు గుద్దింది. కుడి తొడ ఎముక, కుడి మణికట్టు విరిగాయి. రాడ్డు, ప్లేటు వేశారు. పోలీసు కేసు అయింది. హాజరు 58 శాతం దగ్గర ఆగిపోవడంతో పరీక్ష రాయనివ్వబోమని, జూనియర్లతో మళ్లీ చదవాలని కాలేజీ వాళ్లు చెప్పారు. హైకోర్టుకు వెళితే పరీక్ష రాయనిస్తారా? ఫీజు మళ్లీ కట్టాలా? ఇది ఫెయిలైనట్టు లెక్కా?

జవాబు: మీరు అడగని దానితో మొదలుపెట్టాలి, ఎందుకంటే గడువు ఉన్నది దానికే. కారు డ్రైవరు, యజమాని, బీమా కంపెనీల మీద నష్టపరిహారం కేసు వేశారా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. దీని చెల్లుబాటును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు ఉన్న మాట నిజమే గానీ, వాటిని నమ్ముకుని కూర్చోకండి. మీకు మిగిలింది నెలన్నర. హాజరు కోసం తిరుగుతూ ఈ గడువు దాటబెట్టుకుంటే రెండు విధాలా నష్టపోతారు.

ప్రమాదం తిరుపతిలో జరిగినా, మీరు ఉండేది చిత్తూరు కాబట్టి చిత్తూరు ట్రిబ్యునల్‌లోనే ఎం.వి.ఓ.పి. (మోటారు ప్రమాద పరిహారం పిటిషన్) వేసుకోవచ్చు. మీ అమ్మాయి మేజరు, కాబట్టి పిటిషనర్ ఆమే. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, కారు పాలసీ వివరాలు జత చేయాలి. ఛార్జిషీటు ఇంకా పడకపోతే ఎఫ్ఐఆర్‌తో వేసి, మిగతావి తర్వాత దాఖలు చేయండి. హెల్మెట్ లేదని బీమా కంపెనీ వాదించవచ్చు. దెబ్బలు కాలికి, చేతికి తగిలాయి కాబట్టి ఆ వాదనకు ఇక్కడ బలం లేదు. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో ఆమె తప్పు ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

పోయిన ఏడాదికి ఈ కేసులోనే విడిగా పరిహారం అడగాలి. చాలా పిటిషన్లలో వైద్యఖర్చులు, నొప్పి, బాధ అని రాసి వదిలేస్తారు. వృథా అయిన ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్ ఖర్చు, సంపాదన ఏడాది ఆలస్యంగా మొదలవడం వల్ల వచ్చే నష్టం, ఒక్కొక్కటీ వేరువేరు పద్దుగా చూపించాలి. రుజువు కావాలంటే, ఫలానా ప్రమాదం వల్ల ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రాలేదు, అందువల్ల ఈ బ్యాచ్‌తో పరీక్షకు అర్హత కోల్పోయింది అని ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ ఉండాలి. ‘హాజరు చాలలేదు’ అని మాత్రమే ఉన్న కాగితం బీమా కంపెనీకి ఉపయోగపడుతుంది, మీకు కాదు.

శాశ్వత వైకల్యం మిగిలితే అసలు మొత్తం అక్కడే వస్తుంది. చనిపోయిన ఒక వైద్య విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు 2014లో నెలకు 25,000 రూపాయల ఆదాయం లెక్కలోకి తీసుకుంది. ఉదాహరణకు అదే అంకె పెట్టుకుందాం. భవిష్యత్ పెరుగుదల 40 శాతం కలిపితే 35,000, ఏడాదికి 4,20,000. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి హెచ్చించే అంకెను గుణకం అంటారు. ఆమె వయసుకు అది 18, అంటే 75,60,000. సంపాదన శక్తి 10 శాతం తగ్గిందని తేలితే ఈ ఒక్క పద్దు కిందే 7,56,000 వస్తుంది. అయితే డాక్టరు రాసే వైకల్య శాతం, సంపాదన తగ్గుదల శాతం ఒకటి కావు. మణికట్టు పూర్తిగా తిరగని మనిషి సర్జరీ వైపు వెళ్లగలదా అన్నది సాక్ష్యంతో తేల్చాలి. అందుకే సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకోకుండా, పరీక్షించిన డాక్టరును సాక్షిగా పిలిపించండి. ఎముక పూర్తిగా అతుక్కుని ఫిజియోథెరపీ ముగిశాకే మెడికల్ బోర్డుకు వెళ్లండి. ఆ శాతం తేలకముందే లోక్ అదాలత్‌లో రాజీ అంటే ఒప్పుకోవద్దు. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు.

ఇక హాజరు. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి. కొరత రెండు మూడు శాతమే అయితే అదనపు తరగతులు పెట్టించుకోవడమో, లెక్క మళ్లీ చూపించమని అడగడమో చేయవచ్చు. 58 శాతంతో హైకోర్టులో రిట్ వేస్తే గెలిచే అవకాశం చాలా తక్కువ. వృత్తి విద్యలో కనీస హాజరును కోర్టులు తేలిగ్గా సడలించవు, మధ్యంతర ఉత్తర్వుతో పరీక్ష రాసినా ఫలితం ఆగిపోతుంది. నా సలహా, ఆ ఖర్చు మానుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా చెప్పినా వద్దు. పరీక్షలు నిర్వహించడం ‘సేవ’ కిందికి రాదని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది.

పరీక్షకు కూర్చోలేదు కాబట్టి ఆమె ఫెయిల్ కాలేదు. మొదటి సంవత్సరానికి నాలుగు ప్రయత్నాలు, నాలుగేళ్లు. కోర్సు మొత్తానికి చేరిన తేదీ నుంచి తొమ్మిదేళ్లు. ప్రయత్నం పోకపోయినా ఏడాది లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి. అంతకన్నా ముఖ్యం, ఎవరో పంపించారని ఒక్క పేపరు రాసి, చెయ్యి నొప్పని మిగతావి మానేస్తే అది ప్రయత్నం కిందే లెక్క.

ఫీజు సంగతి నోటిమాటతో వదలొద్దు. ఈ ఏడాది మళ్లీ వసూలు చేస్తారా, ఏ జీవో ప్రకారం, ఇంటర్నల్ మార్కులు నిలుస్తాయా లేదా అని కాలేజీకి రాసి, రాతపూర్వక జవాబు తీసుకోండి. నకలు యూనివర్సిటీకి పంపాలి. ఎస్వీ మెడికల్ కాలేజీ అయితే విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, పద్మావతి మహిళా కాలేజీ అయితే తిరుపతిలోని స్విమ్స్ విశ్వవిద్యాలయానికే. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల గడువు. ప్రైవేటు కాలేజీ అయితే అధిక వసూలు మీద ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు మాత్రం ఒకే సంవత్సరానికి రెండోసారి సాధారణంగా రాదు, ఆ మొత్తాన్ని కూడా పరిహారం పిటిషన్‌లో చేర్చండి.

విద్యారుణం ఉంటే వాయిదాలు మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే బ్యాంకుకు లేఖ ఇవ్వండి. భారతీయ బ్యాంకుల సంఘం (ఐబీఏ) నమూనా విద్యారుణ పథకంలో కోర్సు పూర్తికి రెండేళ్ల వరకు పొడిగింపు ఇచ్చే వీలుంది.

ఆమె తిరిగి చేరేటప్పుడు డిసెక్షన్ హాల్లో గంటలకొద్దీ నిలబడలేకపోతే కూర్చునే ఏర్పాటు, పై అంతస్తు తరగతులకు లిఫ్టు అడగండి. రాయడంలో ఇబ్బంది మిగిలితే ప్రభుత్వ ఆస్పత్రి ధ్రువపత్రంతో పరీక్షకు ముందే స్క్రైబ్ (ఆమె చెబుతుంటే రాసిపెట్టే మనిషి), గంటకు 20 నిమిషాల అదనపు సమయం కోరవచ్చు. స్క్రైబ్ కోసం 40 శాతం వైకల్యం ఉండి తీరాలని పట్టుబట్టకూడదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దరఖాస్తు మీద అందినట్టు ముద్ర వేయించుకుని తేదీతో నకలు దాచండి.