లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అయినోళ్ళు నిజంగా ఎన్నేళ్ళు బతుకుతారు?

మీ నాన్నకి లివర్ మార్చాలన్నారు, లక్షలు పోసి చేయిస్తే ఎన్నేళ్ళు ఉంటాడు, రెండు మూడేళ్ళకేనా అని అడిగినారు కదా. మా అన్నకి 2013లో చెన్నైలో చేసినారు, వదినే తన లివర్‌లో ముక్క ఇచ్చింది. ఆయన ఇప్పుడు తిరుపతిలో పొద్దున షాపు తెరిస్తే రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటాడు, కూతురి పెళ్ళి చేసినాడు, మనవడిని చంకనేసుకోని వీధంతా తిప్పుతా ఉండాడు.

లెక్కలు కావాలంటే, మంచి సెంటర్లలో వందకి 90 మంది దాకా మొదటి ఏడాది దాటతారు, ఐదేళ్ళు దాటేవాళ్ళు ఇంచుమించు 75 మంది, ఇరవై ఏళ్ళు పైబడి బతుకుతా ఉన్నోళ్ళూ ఉండారు. మన దేశంలో మొదట సక్సెస్ అయింది 1998లో, ఢిల్లీ అపోలోలో, రెండేళ్ళు కూడా నిండని పసిబిడ్డకి వాళ్ళ నాయన లివర్ ముక్క పెట్టినారు, ఆ పిల్లోడు పెద్దయి డాక్టరయినాడు. 1963లో అమెరికాలో థామస్ స్టార్జ్ల్ మొట్టమొదట చేసినప్పుడు పేషెంట్ టేబుల్ మీదే పోయినాడు. ఇంత తేడా ఎట్లా వచ్చిందంటే చాలామటుకు మందులతోనే, 1980ల్లో సైక్లోస్పోరిన్, దాని తర్వాత టాక్రోలిమస్. కొత్త లివర్‌ని ఒళ్ళు పరాయిదని తరిమేయకుండా ఆపేది అదే. అందుకే బల్లగుద్ది చెప్తా, ఆపరేషన్ చేసేది డాక్టరు, ఏళ్ళు లాక్కొచ్చేది టైముకి మాత్ర చేతిలో పెట్టే మనిషి.

ఒకసారి అన్న మొక్కు తీర్చుకోవాలని అందరం కొండకి పోయినాం. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాం, ఫోన్లు కిందే డిపాజిట్ చేసేసినాం కాబట్టి అలారం లేదు. అన్నకి టాక్రో పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది. దానికి రెండు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, వేసుకున్నాక ఇంకో గంట ఆగాల. ఎనిమిదికల్లా శ్రీవారి సేవకులు వేడి వేడి ఉప్మా, పాలు తెచ్చినారు. అన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, ఆకలికి మొహం వాడిపోయి ఉంది, చెయ్యి చాపబోతే వదిన ఆ ప్లేటు తీసి ఇంకో ప్లేటు బోర్లించి పక్కన పెట్టేసింది. పక్కన కూర్చున్న పెద్దామె, అదేందమ్మా, స్వామి సన్నిధిలో ఇచ్చింది వద్దంటారా అని మందలించింది. వదిన ఏమాత్రం తొణక్కుండా, వద్దనలేదు అవ్వా, తొమ్మిదికి మాత్ర ఉంది, పదికి తింటాడు అనింది. ఇంక తొమ్మిది కొట్టబోతా ఉండగా గేటు తీసినారు, జనం ఒక్కసారిగా లేచినారు, గోవిందా గోవిందా అని తోసుకుంటా ఉండారు. ఆమె ఒక చేత్తో అన్న చొక్కా పట్టుకోని ఇంకో చేత్తో కొంగు ముడి విప్పింది, స్ట్రిప్‌ని కత్తెరతో కత్తిరించి ఆ పూట క్యాప్సూల్స్ మాత్రం అందులో కట్టుకోనొచ్చింది. చేతి వాచీ చూసింది, తొమ్మిది కాగానే ఆ ఇనప కమ్మీల మధ్యనే నిలబెట్టి మింగించింది. వెనకోళ్ళు కదలండి కదలండి అని అరుస్తా ఉంటే కూడా నీళ్ళు పూర్తిగా తాగేదాకా అడుగు వెయ్యనియ్యలేదు. నేను అప్పుడే అనుకున్నా, ఈమె ఉన్నన్నాళ్ళు మా అన్నకి ఢోకా లేదు.

ఇంక చుట్టాలు. లివర్ అంటే చాలు తాగేవాడా అంటారు. మా అన్న చుక్క ముట్టి ఎరగడు, హెపటైటిస్ బి వల్ల పోయింది లివరు, దానికీ రోజూ మాత్ర వేసుకోవాల్సిందే. మా చిన్నాయన అయితే ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు మింగుతావురా, కిడ్నీలు పోతాయి, పసరు తాగు అని చెంబు పట్టుకోని వచ్చేసినాడు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుంటారు, నేను కాదనను, కానీ మార్చిన లివర్‌కి పసరు పోస్తే అది టాక్రోతో ఎట్లా కొట్లాడుతుందో చిన్నాయనకేం తెలుసు? కిడ్నీ మాట మాత్రం నిజమే. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ మందులతో బీపీ, షుగర్, కిడ్నీ, గుండె, ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్, ఇవే ఎక్కువ ఇబ్బంది పెట్టేది, లివర్ గట్టిగా ఉన్నా మనిషిని ఇవి తీసుకుపోతాయి. అందుకేనే రక్తంలో టాక్రో ఎంత ఉందో చూసి డోసు తగ్గించుకుంటా వచ్చేది, పసరు తాగి మాత్ర మానేసేదానికి కాదు.

మెడికల్ షాపు వాళ్ళ మీద కూడా నాకు మంటే. ఒక షాపులో వేరే కంపెనీది చేతిలో పెట్టి, సేమ్ కంపోజిషన్ అన్నా అని పంపించేసినాడు. వదిన స్ట్రిప్ చూసిన వెంటనే నన్ను వెనక్కి తరిమింది. టాక్రోలో కంపెనీ మారితే రక్తంలో లెవెల్ మారొచ్చు, డాక్టర్‌కి చెప్పి లెవెల్ చూపించుకోకుండా మార్చకూడదు. ఇది షాపులో కూర్చునేవాళ్ళకి తెలియకపోతే ఎట్లా?

మీ నాన్నకి చేయించండి. ఇచ్చేది మీరే అయితే భయపడొద్దు, టెస్టులన్నీ చేసి పనికొస్తారంటేనే తీసుకుంటారు, మిగిలిన లివర్ కొన్ని నెలల్లో పెరిగిపోతుంది, మా వదిన బిందె ఎత్తుకోని మెట్లెక్కుతుంది. మొదటి ఏడాది జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు. పంపర పనసకాయ ఇంట్లోకి తేవొద్దు, టాక్రో లెవెల్ పెంచేస్తుంది. లెవెల్ టెస్టు రోజు పొద్దున మాత్ర వేసుకోకుండానే రక్తం ఇప్పించండి, ఆ మాత్ర జేబులో పెట్టి పంపించండి, రక్తం తీసిన వెంటనే అక్కడే వేసుకోవాల.