పది రోజులకోసారి పైకొచ్చే గొట్టం

టెక్నాలజీ ఉండి, దేశాలు కలిసొస్తే వాతావరణ మార్పును ఎదుర్కోవచ్చా, ఎక్కడైనా అలా జరిగిందా అని అడిగారు. జరిగింది. నా చేతులతో చేశాను కాబట్టి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక పరిశోధన నౌకలో ఉన్నప్పుడు, హిందూ మహాసముద్రంలో ఆర్గో ఫ్లోట్‌ను, అంటే సముద్రంలో తనంతట తాను మునుగుతూ తేలుతూ నీటిని కొలిచే పరికరాన్ని, దింపే పని నాకు పడింది. మనిషంత పొడవు గొట్టం, ఇరవై కిలోల పైమాటే. తెల్లవారుజాము నాలుగు గంటలు. కాళ్ల కింద డెక్ ఊగుతోంది. సెన్సర్‌కు పెట్టిన చిన్న బిరడాలు తీశానో లేదో టార్చి వేసి మూడుసార్లు చూసుకున్నాను. అవి ఉండిపోతే ఉప్పదనం కొలత మొత్తం దండగ, నీళ్లలో పడ్డాక మళ్లీ చేతికి రాదు. తాడు మీద మెల్లగా వదిలాం. యాంటెన్నా అటూ ఇటూ ఊగుతూ కాసేపు కనిపించి, చీకట్లో కలిసిపోయింది.

దానికి ప్రొపెల్లర్ లేదు. లోపలి నూనెను బయటి తిత్తిలోకి పంపితే తేలుతుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. 1,000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, పైకొస్తూ వేడినీ ఉప్పదనాన్నీ కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఇలాంటివి ప్రపంచమంతా దాదాపు 4,000 ఉన్నాయి. ఏ దేశం దింపినా కొలతలు ఒక రోజులోపే అందరికీ ఉచితం. భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోందని ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నామంటే వీటి చలవే.

నా బాధల్లా ఒకటే. బ్యాటరీలు నాలుగైదేళ్లకు అయిపోతాయి, ఏటా వందల ఫ్లోట్లు కొత్తగా దింపుతూనే ఉండాలి. కొత్త యంత్రం కనిపెడతామంటే డబ్బిస్తారు. ఉన్నది ఆగకుండా నడుపుతామంటే "ఇందులో కొత్తేముంది?" అని మా ఫైలు తిప్పి పంపారు. ఈ ఏడాది కొలవని సముద్రాన్ని వచ్చే ఏడాది వెళ్లి కొలవలేం కదా! గాలిలోంచి కర్బనాన్ని పీల్చే యంత్రాల గురించి నన్ను అడిగినవాళ్లు చాలామంది, దీని గురించి ఒక్కరూ అడగలేదు.

కొలిస్తే ఉద్గారాలు తగ్గుతాయా అంటారేమో. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం 1985లో బయటపడింది ఏళ్ల తరబడి ఓపిగ్గా నేల మీంచి తీసిన కొలతల వల్లే. రెండున్నరేళ్లు తిరక్కుండా 1987లో, ఓజోన్‌ను తినేసే రసాయనాలను తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందానికే 2016లో కిగాలీలో సవరణ చేసి, ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడే, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీ వాయువులనూ తగ్గించాలని రాసుకున్నారు.

నేను దింపిన ఫ్లోట్ సంగతికొస్తే, మూడో ఏట వేరే దేశపు శాస్త్రవేత్త ఒకరి నుంచి మెయిల్ వచ్చింది. "మీ ఫ్లోట్ ఉప్పదనం కొద్దికొద్దిగా ఎక్కువ చూపిస్తోంది, పక్కనున్న మా రెండింటితో పోల్చి చూడండి" అని గ్రాఫు కూడా జతచేశారు. చూస్తే నిజమే, సెన్సర్ దారి తప్పింది. ఆయన చెప్పకపోతే ఆ నీళ్లే ఉప్పెక్కుతున్నాయని మేం రాసుకునేవాళ్లం.