ప్లేస్కూల్లో పుస్తకాల మేళా పెడుతున్నావు కదా, కొన్ని మాటలు

చిన్నీ,

పొద్దున పిల్లలకి పుస్తకాల మేళా, సాయంత్రం అమ్మానాన్నలతో కలిసి బొమ్మలేయడం, రెండూ ఒకే రోజంటే పని ఎక్కువే గానీ అలా పెట్టుకోవడమే మంచిది. మూడేళ్ల పిల్లకి పుస్తకం నచ్చుతుంది, డబ్బులు మాత్రం అమ్మ దగ్గర ఉంటాయి, ఆ అమ్మ స్కూటీ దిగకుండా గేటు దగ్గరే పిల్లని ఎక్కించుకుని వెళ్లిపోతుంది. సాయంత్రం ఆవిడని ఓ అరగంట కూర్చోబెట్టగలిగితే చాలు, మిగతాది పిల్లే చూసుకుంటుంది.

తేదీ మాత్రం జనవరి మొదట్లో వద్దు. విజయవాడ పుస్తక మహోత్సవం అప్పుడే, ప్రచురణకర్తల స్టాకంతా అక్కడే ఉంటుంది, నీకు కావలసినవి దొరకవు.

నీ పుస్తకాల బండి టాటా ఏస్‌లో నువ్వు చేయించిన అరలు పెద్దవాళ్ల ఎత్తుకి ఉన్నాయి. పిల్లల్ని బండి ఎక్కించాలని చూడకు, ఒక్కడు మెట్టు మీద జారితే మేళా అక్కడితో సరి. పుస్తకాలన్నీ కిందికి దించి చాపల మీద అట్ట బొమ్మ కనబడేలా పరుచు. ప్రతి పుస్తకానికీ ఒక కాపీ చూడటానికే అని తీసి పెట్టు. అది చిరుగుతుంది, ఎవడో నోట్లో కూడా పెట్టుకుంటాడు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో, అంతేగానీ "చింపకూడదమ్మా" అంటూ వెనక తిరగకు.

‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణల వాళ్ల తెలుగు బొమ్మల పుస్తకాలు ఎక్కువ పెట్టుకో. తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉన్నవైతే ఇంకా నయం, "ఇంగ్లీషులో లేదా అండీ?" అని అడగని తల్లిదండ్రులు నాకింకా తగల్లేదు. ఏబీసీడీ చార్టులు, దిద్దే పుస్తకాలు బాగా పోతాయని అందరూ చెబుతారు, నిజంగానే పోతాయి, కానీ అవి ఎదురుగా ఉంటే కథల వైపు ఎవరూ చూడరు. బండిలోనే ఉంచి అడిగినవాళ్లకి తీసివ్వు.

పొద్దున టీచర్లు క్లాసుల వారీగా తీసుకొచ్చినప్పుడు అమ్మకం పెట్టకు. ఏ పిల్ల ఏ పుస్తకం వదల్లేదో చీటీ రాసి బ్యాగులో పెట్టమను. చీటీలో ధర ఉండాలి, "కొనండి" అని ఉండకూడదు. కొనలేని ఇళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటాయి. స్కూలు వాళ్లు కమీషన్ అడిగితే డబ్బు బదులు అదే విలువకి పుస్తకాలిస్తానని చెప్పు, అవి క్లాసులోనే ఉంటే ఆ పిల్లలూ చూస్తారు.

సాయంత్రం ఐదింటికి మొదలెట్టి ఆరున్నరకల్లా ముగించు, ఏడు దాటితే నిద్రకి ఏడుపులు మొదలవుతాయి. పెయింట్ డబ్బాలకి ఖర్చు పెట్టొద్దు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పువ్వు, వేలిముద్రకి కాళ్లు గీస్తే చీమ. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది, అది అందరి ముందూ వెయ్యి, ఫోన్లు చూసుకునే నాన్నలు కూడా తలెత్తుతారు. నానమ్మలు, అమ్మమ్మలు వస్తే కుర్చీలేసి, నల్ల చార్టులూ సుద్దముక్కలూ ఇచ్చి ముగ్గుల మూల వాళ్లకి అప్పజెప్పు.

చిక్కంతా తల్లిదండ్రులతోనే. పిల్ల చేతిలోది లాక్కుని "అలా కాదు, ఇలా" అంటూ వాళ్లే వేసేస్తారు. అందుకే పెద్దవాళ్లకి వేరే కాగితం ఇవ్వు, వాళ్లదీ వాళ్లు వేసుకోవాలి. పోటీ పెట్టి బహుమతులిద్దామని స్కూలు వాళ్లు అంటారు, ససేమిరా ఒప్పుకోకు, ఒకరికి కప్పు, ఇరవై మందికి ఏడుపు.

బొమ్మల చోటుకీ పుస్తకాల చాపలకీ మధ్య బకెట్ నీళ్లు, సబ్బు, తువ్వాళ్లు ఉండాలి. పసుపు చేతులతో పట్టుకున్న పుస్తకం ఇంకెవరూ కొనరు.

అన్నట్టు, బండి మీద పుస్తకాలేంటని మీ నాన్న నవ్వాడట. 1935లోనే గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి వైపు కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపారని వాడికి చెప్పు.

క్యూఆర్ కోడ్ రెండు చోట్ల పెట్టు, చిల్లర నోట్లు ఉంచుకో. పుస్తకాల లిస్టు తయారవగానే నాకు పంపు, ఎక్కువైనవి కొట్టేసి పంపుతాను.

పెద్దమ్మ