కొత్తగా ఫీల్డ్‌లోకి దిగుతున్న శైలజకు

చిరంజీవి శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ మొదలుపెట్టిన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చదివావు, ఇప్పుడు పిల్లల పనిలోనే చేరుతున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "రెండేళ్లు ఇల్లూ, ఊళ్లు తిరగడమూ పక్కన పెట్టి పనిలోనే ఉంటాను" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది, అందుకే రాస్తున్నాను.

పని తగ్గాక ఇల్లు చూసుకుందాం, తీరిక దొరికాక ఎక్కడికైనా వెళ్దాం అనుకుంటే మన పనిలో ఆ రోజు రాదు. ఒక పిల్లాడు ఇంటికి చేరేలోపు ఇంకో ఇద్దరి కేసు ఫైళ్లు బల్లమీదకి వస్తాయి. అందుకని నెల మొదట్లోనే నీ డైరీలో ఇంటి రోజులు రాసుకో. ఆ తర్వాతే కేసులు. ఇది స్వార్థం అని ఎవరైనా అంటే వినకు. ఇల్లు వదిలేసి రాత్రింబవళ్లు తిరిగిన మంచి మంచి వర్కర్లు మూడో ఏడు తిరగకుండానే ఉద్యోగం మానేయడం నేను చూశాను. వాళ్లని నమ్ముకున్న పిల్లలు మళ్లీ మొదటి నుంచి ఇంకెవరికో తమ కథ చెప్పుకోవాల్సి వచ్చింది. సేవ చేసేవాళ్లకి సంసారం ఎందుకు అనేవాళ్లూ ఉంటారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి గారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది 1953లో. చింతామన్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నదీ ఆ ఏడాదే.

చేరకముందే మీ ఆయనతో, మీ అత్తగారితో కూర్చుని ఒక విషయం తేల్చుకో. ఏ ఫోన్ వస్తే అన్నం మధ్యలో లేచి వెళ్లాలి, ఏది వస్తే పొద్దున దాకా ఆగొచ్చు? చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో ఒంటరిగా పిల్ల దొరికిందంటే ఆగడానికి లేదు. ప్రయాణానికి పట్టే టైమ్ తీసేసి 24 గంటల్లో, పిల్లల రక్షణపై నిర్ణయం తీసుకునే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం. ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుందో చూడాలి. కానీ నెల రిపోర్టు, మీటింగు, విరాళం ఇచ్చేవాళ్లు చూడడానికి రావడం, ఇవన్నీ ఆగుతాయి. ఈ తేడా ఇంట్లోవాళ్లకి తెలిస్తే నువ్వు నిజంగా వెళ్లాల్సిన రోజు వాళ్లే చెప్పులు అందిస్తారు. మీ పెదనాన్న అలాగే చేసేవారు. ఆయన లేకపోతే నేను ఇన్నాళ్లు ఈ పనిలో ఉండేదాన్నే కాదు.

సాయంత్రం ఆఫీసు నుంచి కదిలేముందు ఆ రోజు నోట్స్ రాసేయ్, ఎంత ఆలస్యమైనా సరే. రాయనిది తలలో తిరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు. పిల్లల పేర్లు, వాళ్లకి జరిగినవి ఇంట్లో చెప్పకూడదు, అది నీకు తెలుసు. కానీ "ఈ రోజు మనసు బాలేదు, కాసేపు నన్ను వదిలేయండి" అనడానికి ఏ నియమమూ అడ్డురాదు. చెప్పకుండా మొహం ముడుచుకుని కూర్చుంటే మీ వాడు తనమీదే కోపం అనుకుంటాడు. నాలుగేళ్ల పిల్లాడు కదా.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. వాడు అన్నం వదిలేసినప్పుడు "నేను చూసే పిల్లలకి ఇది కూడా దొరకదు తెలుసా" అనకు. ఒక పిల్లాడి ఆకలిని చూపించి ఇంకో పిల్లాడిని సిగ్గుపడేలా చేయడం ఇద్దరికీ అన్యాయం. పైగా అలా పెరిగినవాడు నీ పనిని ద్వేషిస్తాడు.

ఇక ప్రయాణం. సోషల్ వర్కర్‌కి అంతకంటే మంచి చదువు లేదంటాను. పులియంతోపులో పారిశుద్ధ్య పనివాళ్ల ఇళ్లకి వెళ్తే చాలాచోట్ల తెలుగే వినిపిస్తుంది. వాళ్ల తాతలు ఏ ఊరు విడిచి వచ్చారో అడుగు, ఓపిగ్గా విను. కణ్ణగి నగర్ పునరావాస కాలనీకి వెళ్లేటప్పుడు పొద్దున పోకు. ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి తెల్లవారకముందే బయల్దేరి ఉంటారు, తలుపు తాళం చూసి "తల్లి పట్టించుకోవడం లేదు" అని రాసేస్తారు కొత్తవాళ్లు. ఊరి మధ్యలో ఉన్నవాళ్లని అంత దూరం పంపించాక పని ఇక్కడ, ఇల్లు అక్కడ అయింది. ఆ బస్సులో నువ్వు కూడా ఒకసారి నిలబడి వెళ్తే ఆమె రోజు ఎలా గడుస్తుందో ఫైలు చదవకుండానే తెలుస్తుంది.

కమిటీ ఆర్డరుతో పిల్లల్ని గూడూరు, నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటికి చేర్చే ప్రయాణాలు వస్తాయి. దూరమని తప్పించుకోకు, నువ్వే వెళ్లు. ఆఫీసు గదిలో ఎన్నిసార్లు అడిగినా రాని మాట రైల్లో కిటికీ పక్కన దానంతటదే వస్తుంది. ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలు వేయడం లేదు కదా, ఇద్దరూ బయటికే చూస్తుంటారు. ప్రశ్నలు తగ్గించి ఏదైనా తినిపించు. ఊరు దగ్గరపడేకొద్దీ గమనించు. కొందరు పిల్లలు "అదిగో మా చెరువు" అంటూ లేచి నిలబడతారు. కొందరు మాట ఆపేస్తారు, బాత్రూమ్ అని లేచి వెళ్లి రారు. అలాంటి పిల్లని గుమ్మంలో అప్పగించి సంతకం తీసుకుని తిరుగు రైలు ఎక్కకు. ఆ ఇంట్లో కాసేపు కూర్చో. ఎవరు లోపలికి వస్తే పిల్ల బిగుసుకుపోతోందో చూడు. అనుమానం ఉంటే అక్కడి నుంచే కమిటీకి ఫోన్ చెయ్యి. అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో క్షేమంగా ఉండే దారి ఉందా అని ఆ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్ని అడుగు. ఆమెకి తెలియనిది ఉండదు.

కుటుంబంతో వెళ్లే ప్రయాణాల్లో మాత్రం పని కలపకు. "ఎలాగూ నెల్లూరు వెళ్తున్నాం, ఆ అబ్బాయిని ఒకసారి చూసొద్దాం" అనిపిస్తుంది. వద్దు. ఆ పూట మీ వాడిది. మన జీతాలకి విమానాలు, రిసార్టులు కుదరవు, అక్కర్లేదు కూడా. సబర్బన్ రైలు సూళ్లూరుపేట దాకా వెళ్తుంది. అక్కడి నుంచి నేలపట్టు పక్షుల అభయారణ్యం. చలికాలంలో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి, పులికాట్ నీళ్లలో రాజహంసలు దిగుతాయి. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే చాలు, మీ అత్తగారూ సంతోషంగా వస్తారు. సంక్రాంతికి విజయవాడ వెళ్లాలనుకుంటే ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 లెక్కలో ఉండకు. తెరిచిన పొద్దునే టికెట్లు తీసి, ఆ తేదీలు ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పు. సెలవులో నీ కేసులు ఎవరు చూస్తారో ఆ అమ్మాయిని ముందుగానే పిల్లల ఇళ్లకి తీసుకెళ్లి పరిచయం చెయ్యి. కొత్త గొంతు ఫోన్‌లో వినగానే వాళ్లు భయపడి పెట్టేస్తారు.

చేరే ముందు ఒక ఆదివారం మీరు ముగ్గురూ, అత్తగారూ పెరంబూరు రండి. నా పాత డైరీల్లో పేర్లు కొట్టేసి పక్కన పెట్టాను, ఇంటి విజిట్లకి ఏం అడగాలి, ఎప్పుడు వెళ్లాలి అని రాసుకున్న పేజీలు నీకు ఇస్తాను.

మీ పెద్దమ్మ