మొదటి ఫిల్మ్ కెమెరా ఏది కొనాలి?

ప్రశ్న: ఫిల్మ్ మీద ఫొటోలు తీయాలని చాలా ఆశగా ఉందండి, కానీ చేత్తో ఫోకస్ తిప్పడం రాదు, బరువు మోయలేను. తక్కువ ధరలో సెకండ్ హ్యాండ్‌ది చెప్పండి. అన్నయ్య కేనన్ డిజిటల్ కెమెరా లెన్సులు ఇంట్లో ఉన్నాయి.

జవాబు: లెన్సులు ఉన్నాయంటే సగం ఖర్చు తప్పినట్టే. కేనన్ ఈఓఎస్ 300 వెతకండి, 1999లో వచ్చింది, అమెరికాలో రెబెల్ 2000 అని అమ్మారు, బాడీ (లెన్స్ లేకుండా) సుమారు 335 గ్రాములే, ఫ్రేములో ఫోకస్ పట్టే చోట్లు (ఫోకస్ పాయింట్లు) 7, బటన్ సగం నొక్కితే తనే ఫోకస్ చేసుకుంటుంది. అయితే లెన్స్ మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) మీద ఎర్ర చుక్క ఉంటేనే దీనికి పడుతుంది, తెల్ల చదరం ఉన్నవి ఈఎఫ్-ఎస్ లెన్సులు, అవి పట్టవు, బలవంతంగా తిప్పొద్దు. 50 ఎంఎం 1.8 అని రాసున్న లెన్స్ ఉంటే ఇంకేం అక్కర్లేదు!

నాకు బాగా నచ్చేదేంటంటే, ఫిల్మ్ రోల్ పెట్టగానే మొత్తం బయటికి లాగేసి, తీసిన ఒక్కో ఫొటోనీ మళ్లీ డబ్బీలోకి చుట్టేస్తుంది, పొరపాటున వెనక తలుపు తెరుచుకున్నా అప్పటిదాకా తీసినవి చాలావరకు బతుకుతాయి. కొత్తవాళ్లకి ఇది పెద్ద వరం.

కొనేటప్పుడు వెనక తలుపు గొళ్లెం గట్టిగా పడుతుందో లేదో చూడండి, బ్యాటరీలు వేసి షటర్ కొట్టించండి. సీఆర్2 బ్యాటరీలు రెండు కావాలి, అవి లేకపోతే కెమెరా అస్సలు కదలదు. ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్మ్ స్పందించే వేగం) 200 లేదా 400 ఉన్న కలర్ నెగెటివ్ ఫిల్మ్‌తో మొదలుపెట్టండి. రోల్, డెవలపింగ్, స్కానింగ్ ఖర్చు మాత్రం ప్రతిసారీ ఉంటుంది, బడ్జెట్ అటు ఎక్కువ ఉంచుకోండి.